సీమలోని కూర మనకు చెప్పు పాఠము

వంట చేతివాటమువలన వచ్చునా, పాఠములవలన వచ్చునా యను ప్రశ్న మన యిండ్లలో తరుచుగా వినబడుచుండును. "ఆమె చేతిలోనే మహిమ యున్నది" అని మెచ్చుకొనుట మనకు వాడుక. మెచ్చుకోలుగా ఆ మాట మంచిదే. కాని దానినుండి రెండు పొరపాటు తలంపులు పుట్టినవి. వంట పుట్టుకతో రావలసినదే గాని నేర్పిన వచ్చునది కాదనుట మొదటిది. అది ఆడుబిడ్డల పనియే గాని మగపిల్లల పని కాదనుట రెండవది. ఈ రెండును సరికావని మా యభిప్రాయము. ఇందులకు మంచి సాక్ష్యము బ్రిటను దేశమున దొరకుచున్నది. అచ్చట "ఇండియను రెస్టారెంటు కూర" యనునది యొకటి పెరిగి, నేడు తరగతులలో పాఠముగా చెప్పబడుచున్నది. మన పిల్లలును పెక్కుమంది పై చదువులకై ఆ దేశమునకు పోవుచున్నారు. కావున ఈ ముచ్చట మనకు పరాయిది కాదు.

ఆ కూర చరిత్ర తెలిసికొనదగినది. 1747లో హన్నా గ్లాస్ అను నామె అచ్చు వేయించిన యాంగ్ల వంటల పుస్తకములోనే ఇండియా పద్ధతిని కూర వండు విధము కనబడుచున్నది. పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు 1810లో లండనునందు "హిందూస్థానీ కాఫీ హౌస్" అను భోజనశాలను తెరచెను గాని 1812లో దివాలా తీసెను. 1926లో ఎడ్వర్డ్ పామర్ అను నాతడు రీజెంటు వీధిలో, మన చెవులకు చుట్టము పేరువలె తోచు "వీరాస్వామి" పేరుతో రెస్టారెంటు స్థాపించెను. అది ధనవంతులు భుజించు చోటు.

బ్రిటనులోని సామాన్యుల వీధులకు కూరను చేర్చినవారు వేరు. నేటి బంగ్లాదేశములోని సిల్హెట్టు సీమనుండి పొగయోడలలో కొలువునకు పోయిన నావికులు వారు. ఇంజను గదుల వేడిమికి తాళలేక కొందరు రేవులలో ఓడలు విడిచిరి. లండను భోజనశాలలలో గిన్నెలు కడుగుచు, ఉల్లిపాయలు తరుగుచు, ప్రక్కవాని గరిటె చూచి వంట నేర్చుకొనిరి. రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిమ్మట వారు పాత కాఫీ దుకాణములను, చేపల వేపుడు దుకాణములను కొని, ఆ తిండితోపాటు కూరయు నన్నమును అమ్మజొచ్చిరి. వారందరు మగవారు. వారి పల్లెలలోను వంట ఆడువారి పనియే. అయినను అవసరము గురువై నేర్పగా, వారు ఒక దేశమునకే కూర రుచి చూపిరి.

ఇక వారి పద్ధతి చూతము. మన యింట తల్లి ఒక కూరను మొదటినుండి తుదివరకు ఒకే గిన్నెలో వండును. రెస్టారెంటు వంటవాడు ఒక రాత్రి పలువురికి పలురకముల కూరలు ఒక్కొక్కటి పది నిమిషములలో వండి పంపవలయును. అందుకై పనిని రెండుగా పంచుకొనెను. ముందుగా పెద్ద డేగిసాలో ఉల్లిపాయలు విస్తారముగను, అల్లము, వెల్లుల్లి, టమాటా, క్యారెట్టు మితముగను వేసి, పసుపు, నూనె, నీరు చేర్చి, మెత్తబడువరకు ఉడికించి, నున్నగా రుబ్బి పలుచన చేయును. దీనికి "బేస్ గ్రేవీ" యని పేరు. మాంసమును వేరుగా ముందే ఉడికించి యుంచును. గిరాకీ వచ్చినప్పుడు పెనములో నూనె కాచి, అల్లము వెల్లుల్లి ముద్దను, మసాలాపొడిని, టమాటా గుజ్జును వేయించి, వేడి గ్రేవీని గరిటె గరిటెగా పెద్ద మంటమీద పోయును. ఒక గరిటె ఇగిరి నూనె తేలిన పిమ్మటనే మరియొక గరిటె. ఆ యొక్క గ్రేవీనుండియే కొబ్బరి, బాదము, మీగడ చేరిన కుర్మాయు, కారము హెచ్చిన "మద్రాసు" కూరయు, అంతకు మించిన "విందలూ"యు వచ్చును. ఉల్లి చేసిన మేలు తల్లియు చేయదను సామెత అచ్చట అక్షరాల నిజము.

"ఇది మన వంటయే కాదు; మద్రాసు కూరను మద్రాసువారే యెరుగరు" అని కొందరు నవ్వుదురు. నిజమే. విందలూ గోవాలో వెల్లుల్లియు సిర్కాయు చేరిన వంటకము. దాని పేరు పోర్చుగీసు మాటనుండి వచ్చినది. సీమ రెస్టారెంటులో అది కేవలము కారపు కొలతయై కూర్చున్నది. కాని నవ్వుటకు ముందు మన పళ్లెమును చూచుకొనవలయును. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారు తెచ్చిన కాయ. 1498లో వాస్కో డ గామా మన తీరమునకు వచ్చుటకు పూర్వము గుంటూరులో మిరప తోటయే లేదు. టమాటాయు, బంగాళాదుంపయు అట్టివే. పరదేశపు సరకు మన చేతిలో మన వంటయైనట్లే, మన వంట పరదేశములో మరియొక వంట యైనది. దానిని దాని పేరుతో పిలిచి గౌరవించుట న్యాయము.

ఆ కిటుకు చాలకాలము వంటవారి గుట్టుగా నుండెను. పిమ్మట పాఠములు వచ్చినవి. 1982లో పాట్ చాప్మన్ అను నాతడు "కర్రీ క్లబ్" స్థాపించెను. 1989లో క్రిస్ ధిల్లాన్ ఆ రహస్యమును "ది కర్రీ సీక్రెట్" అను పుస్తకముగా వెలువరించెను. నేడు అచ్చట ఒక దినపు తరగతులలోను, సాయంకాలపు తరగతులలోను ఆంగ్లేయ స్త్రీ పురుషులు ఈ కూరను నేర్చుకొనుచున్నారు. వంట పుట్టుకతో మాత్రమే వచ్చునదైనచో ఇది జరుగనేరదు. మధుర్ జాఫ్రీ సంగతి యింకను చక్కనిది. నాటకకళ చదువుటకు ఢిల్లీనుండి లండను పోయిననాడు ఆమెకు వంట రాదు. తల్లి వ్రాసి పంపిన యుత్తరములు చూచి నేర్చుకొనెను. ఆమెయే 1982లో బీబీసీవారి టెలివిజనులో బ్రిటను ప్రజలకు భారతీయ పాకము నేర్పెను.

అయితే పాఠమన్నంతమాత్రమున అన్నియు నొకటి కావు. మసాలా పొట్లములు తూచి యిచ్చి, "ఇది వేయుము, ఇప్పుడు దింపుము" అని చెప్పు పాఠమొకటి. ఏల వేయవలయునో చెప్పు పాఠము వేరొకటి. లెక్క చేయు రీతి చెప్పక జవాబు మాత్రము వ్రాయించు నుపాధ్యాయుడు మొదటివానివంటివాడు. మసాలా సువాసన నీటికంటె నూనెలో మేలుగా దిగును. అందుచేతనే పొడిని మొదట నూనెలో వేయింపవలయును. పొడి త్వరగా మాడును. అందుచేతనే వెంటనే టమాటా గుజ్జు పోయవలయును. ఇంతమాత్రము గ్రహించిన విద్యార్థి రేపు గ్రేవీ లేని చోట చారుకు తాళింపు పెట్టుటలోను తెలివి చూపును. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలయునని శిక్షణ కళాశాలలో మాకు చెప్పిన సూత్రము పొయ్యియొద్దను చెల్లును.

పాకవిద్యలో బాధ్యతయు గలదు. 2014లో ఇంగ్లాండునందు వేరుసెనగ పడని యొక మనుష్యుడు, కూరలో బాదము పొడికి బదులుగా వేరుసెనగ కలిసిన పొడి వాడబడుటవలన మరణించెను. ఆ దుకాణపు యజమానికి 2016లో న్యాయస్థానము కారాగార శిక్ష విధించెను. చవుక కొరకు వస్తువు మార్చి చెప్పకుండుట ప్రాణమునే తీసినది. కావున వంట నేర్పువారు రుచితోపాటు సత్యమును నేర్పవలయును.

ఇప్పుడు మన సంగతి. పదియవ తరగతి దాటగానే మన పిల్లలు హాస్టళ్లకును, దూరపు పట్టణములకును పోవుచున్నారు. లెక్కలలో నూటికి నూరు తెచ్చుకొన్న బాలుడు గుప్పెడు బియ్యము వండుకొనలేక పస్తుండుట చదువునకు శోభ గాదు. పెండ్లియైన పిమ్మట భార్య జబ్బుపడిననాడు గంజి కాచి యియ్యలేని పురుషుడు ఇంటికి భారమే. "మగవానికి వంట యేమి?" అను పెద్దలు ఒక మాట జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. మన భాషలో మేలైన వంటను నలభీమపాకమందుము. నలుడును భీముడును మగవారే గదా!

కావున బడులలో వారమునకొక గంట బాలబాలికలకు కలిపి వంట నేర్పవలెనని మేము కోరుచున్నాము. పరీక్షల భయముచే ఆ గంట దొరకదని కొందరందురు. రోజునకు మూడుమారులు అక్కరకు వచ్చు విద్యకు వారములో ఒక గంట పెద్ద మాట కాదు. అంతవరకు తలిదండ్రులకు మా విన్నపమిది: రాబోవు వేసవి సెలవులలో కొడుకును కూతురును సమానముగా పొయ్యియొద్దకు పిలువుడు. మొదట ఉల్లి తరుగుట, అన్నము వార్చుట, పప్పు ఉడికించుట నేర్పుడు. కన్నీళ్లు వచ్చినను తరుగనిండు, మాడినను తిననిండు. పని చేయించుటతో నిలువక, ప్రతి పనికిని కారణము చెప్పుడు. అట్లు నేర్చిన బిడ్డ ఏ దేశమున కాలు మోపినను ఆకలికి వెరవడు. ప్రక్కవానికి ఒక ముద్ద పెట్టగలిగిన సంతోషమును ఎరుగును.