స్పానిష్ పాఠం తెలుగులో చెబితే తప్పేంటి?

"స్పానిష్ నేర్చుకుంటున్నాను" అనగానే మన హాస్టల్ తమ్ముళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. అది ఎక్కడి భాష అన్నా అని ఒకటి. దానివల్ల ఉద్యోగం వస్తుందా అని రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. స్పెయిన్, మెక్సికో, క్యూబా, కొలంబియా, పెరూ, చిలీ, అర్జెంటీనా ఇలా 20 దేశాలకు అది అధికార భాష. సుమారు 50 కోట్ల మందికి మాతృభాష. అంత దూరం ఎందుకు, అత్తిలి నుంచి భీమవరం వెళ్లే దారిలో చెరువుల్లో పెంచుతున్న వనామీ రొయ్య సొంత ఊరు కూడా ఆ దేశాల తీరమే. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ సముద్రంలో పుట్టిన రొయ్య అది. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి ఇచ్చారు. రొయ్యల ఎగుమతిలో మనకు గట్టి పోటీగా ఉన్న ఈక్వెడార్ వాళ్లు మాట్లాడేదీ స్పానిషే.

రెండో ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. కాలేజీలో స్పానిష్ మొదలుపెట్టిన మనలాంటి పిల్లలు సగం దారిలో మానేస్తున్నారు. ఆ మానేయడానికి కారణం స్పానిష్ కాదు, ఇంగ్లీషు అని నా అభిప్రాయం.

యూరప్ దేశాల వాళ్లు 2001లో భాషా పరిజ్ఞానానికి ఒక కొలత తయారుచేశారు. ఏ1, ఏ2 అంటే ప్రారంభ దశ. బీ1, బీ2 ఇంటర్మీడియట్. సీ1, సీ2 పై దశ. ఈ ఇంటర్మీడియట్‌కీ మన జూనియర్ కాలేజీ ఇంటర్‌కీ సంబంధం లేదు లెండి. ఏ1 తరగతిలో మొదటి రోజున అందరూ ఒక్కటే. కాన్వెంటులో చదివినవాడికీ "ఓలా" కొత్తే, జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివినవాడికీ "ఓలా" కొత్తే. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక తరగతి గదిలో ఇంగ్లీషు మీడియం వాళ్లతో సమానంగా కూర్చున్నానని నాకు అనిపించింది అక్కడే. పేరు చెప్పడం, అంకెలు, ఇంట్లోవాళ్ల వరసలు, బజారులో బేరం, అన్నీ హాయిగా సాగాయి. మార్కులు కూడా మనవాళ్లకే ఎక్కువ వచ్చాయి.

బీ1కి వచ్చేసరికి కథ మారింది. భూతకాలాలు రెండు, ఉండటానికి క్రియలు రెండు, కోరికలకూ సందేహాలకూ వేరే క్రియారూపాలు. వీటికి వివరణ ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషువాడికి ఏది కష్టమో పుస్తకం అదే కష్టమని చెబుతుంది, ఇంగ్లీషులో లేనిదాన్ని చూసి వింత అంటుంది. మన పిల్లవాడు ముందు ఇంగ్లీషు వ్యాకరణం అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత దాని మీదుగా స్పానిష్‌కి వెళ్లాలి. కాలవ అవతల కనిపిస్తున్న ఊరికి తాడేపల్లిగూడెం మీదుగా తిరిగి వెళ్లమన్నట్టు ఉంటుంది. మా తరగతిలో మొదటి సెమిస్టరులో తెలుగు మీడియం వాళ్లం ఆరుగురం ఉండేవాళ్లం. మూడో సెమిస్టరుకి ఇద్దరం మిగిలాం. మానేసిన నలుగురిలో ఒక్కరూ స్పానిష్ కష్టం అనలేదు. "క్లాసు అర్థం కావట్లేదు" అన్నారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు.

ఒక ఉదాహరణ చూడండి. "నాకు చేప నచ్చుతుంది" అనడానికి స్పానిష్‌లో "మే గుస్తా ఎల్ పెస్కాదో" అంటారు. మే అంటే నాకు. గుస్తా అంటే నచ్చుతుంది. ఎల్ పెస్కాదో అంటే చేప. చేపలు ఎక్కువైతే "మే గుస్తాన్ లోస్ పెస్కాదోస్", అంటే నాకు చేపలు నచ్చుతాయి. మన వాక్యంలో క్రియ చేప మాట వింటుంది, నా మాట వినదు. వాళ్ల వాక్యంలోనూ అంతే. కానీ ఇంగ్లీషులో ఇష్టపడేవాడే కర్త. అందుకని పుస్తకం దీన్ని తలకిందుల క్రియ అని భయపెడుతుంది. మా క్లాసులో దీని మీద రెండు పీరియడ్లు గడిచాయి. బోర్డు మీద బాణాలు, డబ్బాలు, కర్త ఇటు, కర్మ అటు. కొల్లేటి కొరమేను తిని పెరిగిన మనవాడికి "నాకు చేప నచ్చుతుంది" అనే ఒక్క మాట చెబితే రెండు నిమిషాల్లో అయిపోయేది. "మే దువేలే లా కబేసా" అంటే నాకు తల నొప్పి పెడుతోంది. అక్కడా అదే "నాకు". డబ్బు తక్కువైనా, ఏదైనా ఆశ్చర్యంగా తోచినా అన్నిటికీ అదే "నాకు".

భూతకాలాల సంగతి ఇంకా బాగుంటుంది. "కోమీ" అంటే తిన్నాను. "కోమీయా" అంటే తినేవాణ్ణి. ఒకసారి జరిగి అయిపోయిన పని ఒకటి, రోజూ జరుగుతూ వచ్చిన పని ఇంకొకటి. "హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం గుడ్డు తినేవాణ్ణి, నిన్న చికెన్ తిన్నాను" అనడంలో మనలో ఎవడైనా తడబడతాడా? రెండో తరగతి పిల్లవాడు కూడా తడబడడు. ఇంగ్లీషులో మాత్రం రెండు చోట్లా ఒకే క్రియతో సరిపెట్టవచ్చు. అందుకే ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్లకు ఈ పాఠం కొరకరాని కొయ్య. "నేను తింటుండగా నువ్వొచ్చావు" అన్నప్పుడు "తింటుండగా"కి కూడా కోమీయానే వాడతారు. ఆ ఒక్క సంగతి అదనంగా గుర్తుపెట్టుకుంటే చాలు.

ఉండటానికి రెండు క్రియలు అన్నాను. "సోయ్ దే అత్తిలి" అంటే నాది అత్తిలి. "ఎస్తోయ్ ఎన్ అత్తిలి" అంటే నేను అత్తిలిలో ఉన్నాను. తెలుగు వాక్యం చూడండి. మొదటిదాంట్లో "ఉన్నాను" లేదు, రెండోదాంట్లో ఉంది. ఆయన మేష్టారు, ఆవిడ డాక్టరు, ఇది మా ఊరు, ఇలా క్రియ లేకుండా మనం చెప్పుకునేవన్నీ చాలావరకు మొదటి జాతి. ఇంట్లో ఉన్నాడు, అలసిపోయి ఉన్నాడు, చారు వేడిగా ఉంది, ఇవి రెండో జాతి. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ చూసింది కాదు, పరీక్ష ముందు రోజు రాత్రి నేనే వేసుకున్న లెక్క. అన్ని చోట్లా పనిచేయదు. పదిలో ఏడెనిమిది సార్లు నన్ను గట్టెక్కించింది.

ఇక కోరికల రూపం. "నువ్వు రావాలని కోరుకుంటున్నాను" అనేటప్పుడు మనం "వస్తావు" అనం, "రావాలని" అంటాం. స్పానిష్‌లో కూడా ఆ చోట మామూలు క్రియ పనికిరాదు. "కియేరో కే బేంగాస్" అనాలి. ఇంగ్లీషు చదువరులకు ఇది నెల రోజుల గండం. ఓహలా అనే మాట కూడా ఈ పాఠంలోనే వస్తుంది. వాన పడితే బాగుండును, పాసైతే బాగుండును అన్నప్పుడు వాక్యం ముందు వేస్తారు. అరబ్బులు స్పెయిన్‌ని ఏలిన కాలంలో వాళ్ల భాషలోంచి వెళ్లిన మాట అది. మన ముస్లిం మిత్రులు అనే ఇన్షా అల్లాకి దగ్గరి చుట్టం.

ఉచ్చారణ గురించి వేరే చెప్పక్కర్లేదు. త, ద, ప, క లు మనవే. "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క. బర్రె, గొర్రె, కర్ర అనగలిగిన నోటికి పెర్రో ఒక లెక్కా? ఒకటో తరగతిలో దిద్ది ఆ తర్వాత ఎక్కడా వాడని "ఞ" వాళ్లకు రోజువారీ అక్షరం. మర్యాద కూడా ఉంది. స్నేహితుణ్ణి "తూ" అంటారు, పెద్దవాళ్లను "ఉస్తేద్" అంటారు. ఉస్తేద్ అసలు రూపానికి "తమరి దయ" అని అర్థం. మన పెద్దలు దొరలను "తమరు" అన్నట్టే. పోర్చుగీసు వాళ్ల ద్వారా మనకొచ్చిన బొత్తాం, అల్మారా, తువాలు మాటలకు స్పానిష్‌లో బొతోన్, అర్మారియో, తొవాయా అని అక్కచెల్లెళ్లు ఉన్నాయి. ఆ రెండు భాషలూ లాటిన్ బిడ్డలే కదా.

అన్నీ తేలికేనని నేను చెప్పడం లేదు. ప్రాణం లేని వస్తువుకి ఆడ, మగ తేడా ఏమిటో తెలుగువాడికి ఎంత చెప్పినా ఎక్కదు. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుల్లింగం. ఎందుకంటే జవాబు లేదు. హిందీ రాష్ట్రాల వాళ్లు ఆ తేడాకి చిన్నప్పటి నుంచి అలవాటుపడి ఉంటారు కాబట్టి ఇక్కడ మనకంటే ముందుంటారు. బట్టీ పట్టడమే దారి. ఎక్కాలు బట్టీ పట్టినవాళ్లం, ఇదీ పడతాం.

నా వాదనకు ఒక అభ్యంతరం ఉంది. క్లాసులో కేరళ, బీహారు, మణిపూర్ వాళ్లు కూడా ఉంటారు, తెలుగులో చెబితే వాళ్ల గతి ఏమిటి? న్యాయమైన మాటే. అలాంటి చోట తెలుగులో నాలుగు పేజీల నోట్సు విడిగా ఇవ్వండి, వారానికి ఒక గంట విడిగా కూర్చోబెట్టండి. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు కోసం పుట్టిన కేంద్ర సంస్థ 1972లో విదేశీ భాషలనూ పేరులో చేర్చుకుని సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అలాంటి చోటికి దేశమంతటి నుంచీ వస్తారు. కానీ గదిలో కూర్చున్న ప్రతివాడూ తెలుగువాడే అయిన కాలేజీల్లో కూడా ఇంగ్లీషులోనే చెప్పడం ఏం న్యాయం?

భాషను ఆ భాషలోనే నేర్పాలి, మధ్యలో వేరే భాష రాకూడదు అని ఇంకొందరు అంటారు. దానికి నేను సిద్ధమే. పూర్తిగా స్పానిష్‌లోనే చెబితే అందరం మళ్లీ మొదటి రోజులాగా సమానం అవుతాం. పేరుకి స్పానిష్‌లోనే చెబుతున్నామంటూ కష్టమైన ప్రతి చోటా ఇంగ్లీషులోకి జారుకోవడమే నాకు అభ్యంతరం. ఒక భాషకు ఊతం కావాలంటే ఆ ఊతం పిల్లవాడి సొంత భాష కావాలి.

బాబాసాహెబ్ అంబేడ్కర్ హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే అంటరానివాడని చదవనివ్వలేదు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. తర్వాత సంస్కృతం ఆయన స్వయంగా నేర్చుకున్నారు. ఇవాళ మనల్ని గుమ్మం దగ్గర ఎవరూ ఆపడం లేదు. లోపలికి రానిచ్చి, అర్థం కాని భాషలో పాఠం చెబితే మనమే లేచి వెళ్లిపోతున్నాం. పద్ధతి వేరు, ఫలితంలో తేడా తక్కువ.

మన రాష్ట్రంలోనే దీనికి ఒక జవాబు ఉంది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతే ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ప్రారంభించారు. 2009లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఆ సంస్థ గ్రామాల పేద పట్టభద్రుల కోసం అనంతపురంలో విదేశీ భాషల పాఠశాల పెట్టి స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్పించింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు బెంగళూరు, హైదరాబాదు కంపెనీల్లో ఉద్యోగాలకు వెళ్లారు. కరువు జిల్లా పల్లెల నుంచి వచ్చి, మనలాగే ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాళ్లు చేయగలిగినప్పుడు, డెల్టాలో ఉన్న మనం ఎందుకు చేయలేం?

ఇప్పుడు రెండో ప్రశ్న. ఉద్యోగాలు ఉన్నాయి. కానీ బీ1తో ఆగిపోతే చాలా కష్టం. కంపెనీలు సాధారణంగా బీ2 అయినా అడుగుతాయి. చిన్న చిన్న అనువాదాలు ఫోనే చేసి పెడుతున్న రోజులివి కాబట్టి సగం వచ్చిన భాషకు విలువ ఇంకా పడిపోయింది. అందుకే సగంలో మానేయడం గురించి ఇంత గొడవ పెట్టుకుంటున్నాను. ఏ2 దాకా చదివి వదిలేస్తే రెండేళ్లూ, పరీక్ష ఫీజులూ పోయినట్టే. ఆ ఫీజు కట్టడానికి ఇంట్లో ఎవరెన్ని రోజులు కూలికి వెళ్లారో మనకు తెలుసు.

ఇంటర్ పాసైన తమ్ముళ్లు, చెల్లెళ్లు డిగ్రీలోనే స్పానిష్ తీసుకోవచ్చు. ముందుగా ఒక్క ముక్క వచ్చి ఉండనక్కర్లేదు. బీ1 వ్యాకరణం మీద నేను తెలుగులో రాసుకున్న నోట్సు ముప్పై రెండు పేజీలు అయింది. దాని జిరాక్సు కాపీ ఈ వార్షికోత్సవం రోజున హాస్టల్ లైబ్రరీలో పెడుతున్నాను. లింగాల అధ్యాయం సగంలో ఆగింది, బీ2 అసలు మొదలే పెట్టలేదు. విదేశీ భాషలు చదివిన పూర్వ విద్యార్థులు ఎవరైనా ఉంటే, ఫ్రెంచి అయినా జర్మన్ అయినా సరే, వేసవి సెలవుల్లో ఒక వారం ఇక్కడికి రండి. బస హాస్టల్లోనే, భోజనం మన మెస్సులోనే. మిగిలిన పేజీలు కలిసి రాద్దాం.