యూరియా బస్తాలో మోల్ లెక్క



మన పల్లెల పిల్లలు అనేకులు రసాయనశాస్త్రంలో మోల్ లెక్కల దగ్గరకు రాగానే పుస్తకం మూసివేస్తున్నారు. "ఇది మా బుర్రకు ఎక్కదు" అని ఇంటర్మీడియెట్‌లో సైన్సు గ్రూపే వదులుకొనేవారూ ఉన్నారు. ఒక్క పాఠానికి భయపడి దారి మార్చుకోవడం ఎంత నష్టం! ఈ లెక్క మన పొలం గట్టున ఉన్నదే.

హైదరాబాదులో మొజాంజాహి మార్కెట్ దగ్గర ఉస్మాన్‌గంజ్ టోకు బజారు మీలో కొందరెరుగుదురు. బస్తాలకు బస్తాలు సరుకు చేతులు మారుతుంది. అక్కడ గింజలు లెక్కపెట్టే వారెవరు? కాటా వేస్తారు. వంద మిరియాల బరువు తెలిస్తే చాలు, బస్తాలో ఎన్ని ఉన్నవో కాటాయే చెబుతుంది. అణువులూ అంతే. లెక్కపెట్టలేము గనుక తూస్తాము. డజను అంటే 12 అయినట్లే మోల్ అన్నదీ ఒక సంఖ్య. 6 పక్కన 23 సున్నలు పెడితే సుమారుగా అంత. ఏ పదార్థమైనా దాని అణుభారమెంతో అన్ని గ్రాములు తూస్తే ఒక మోల్. అమ్మోనియాకు 17, కార్బన్ డై ఆక్సైడ్‌కు 44, యూరియాకు 60. యూరియా 60లో నత్రజని 28, అంటే వందకు 46 పైచిలుకు. బస్తా మీద అచ్చువేసిన 46 శాతం అక్కడిదే.

రామగుండంలో 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్తది 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ రెండు మోల్‌ల అమ్మోనియా, ఒక మోల్ కార్బన్ డై ఆక్సైడ్ కలిసి ఒక మోల్ యూరియా, ఒక మోల్ నీరు అవుతాయి. అంటే 34 టన్నుల అమ్మోనియాకు 60 టన్నుల యూరియా. ఆ కర్మాగారపు సామర్థ్యం రోజుకు 2200 టన్నుల అమ్మోనియా, 3850 టన్నుల యూరియా. బిడ్డలారా, 2200ను 60తో హెచ్చించి 34తో భాగించి చూడండి, 3882 వస్తుంది. మీ నోటుపుస్తకంలోని లెక్క అంత పెద్ద కర్మాగారానికి ఎంత దగ్గరగా వచ్చిందో గమనించారా?

ఇప్పుడు పిల్లలు తడబడే చోటు. 34 కిలోల అమ్మోనియా, 33 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ ఇచ్చారు. యూరియా ఎంత వస్తుంది? బరువులు ఇంచుమించు సమానమే గదా అని రెండూ పూర్తిగా ఖర్చవుతాయనుకోరాదు. కిలోలను ముందు మోల్‌లుగా మార్చాలి. అమ్మోనియా 2000 మోల్‌లు, కార్బన్ డై ఆక్సైడ్ 750. ఒక్కొక్క దానికి రెండేసి చొప్పున 750కి కావలసిన అమ్మోనియా 1500 మాత్రమే. కాబట్టి కార్బన్ డై ఆక్సైడ్ ముందుగా అయిపోతుంది. ఇలా ముందు అయిపోయి హద్దు పెట్టేదానినే లిమిటింగ్ రియేజెంట్ అంటారు. వచ్చే యూరియా 750 మోల్‌లు, అనగా 45 కిలోలు, సరిగ్గా మన ఊరి దుకాణంలోని ఒక బస్తా. 500 మోల్‌ల అమ్మోనియా, అంటే ఎనిమిదిన్నర కిలోలు, మిగిలిపోతుంది; నీరు పదమూడున్నర కిలోలు. మూడూ కూడితే మొదట పోసిన 67 కిలోలే. లెక్క సరిపోయిందో లేదో చూసుకొనే ఉపాయమిదే, దీనిని విడువకండి. (కర్మాగారంలో ఒక్క విడతలో అంతా మారదు, మిగిలినదానిని మరల లోపలికి పంపుతారు. పరీక్షలో ఆ చిక్కు లేదు.)

ఈ నెల ఇంట్లో చేయవలసినది: అమ్మోనియా 17 కిలోలు, కార్బన్ డై ఆక్సైడ్ 33 కిలోలు. యూరియా 30 కిలోలు రావాలి. మిగిలేది ఏది, ఎంత? అమ్మానాన్నలు పక్కన కూర్చుని చేయించండి.