ఫ్రీగా వచ్చిందని గేమ్ తీసుకున్నారా? మోడ్స్ దగ్గరే అసలు తిరకాసు.. ఏ స్టోర్‌లో కొన్నారన్నదే లెక్క!

గేమ్ పేరు ఒకటే. తయారు చేసిన కంపెనీ ఒకటే. స్క్రీన్ మీద కనిపించే బొమ్మ కూడా ఒకటే. కానీ ఒక స్టోర్‌లో కొన్నోడికి వేల కొద్దీ మోడ్స్ ఒక్క క్లిక్‌తో దిగిపోతాయి. ఇంకో స్టోర్‌లో తీసుకున్నోడికి ఆ బటనే ఉండదు. ఎందుకిలా? ఇప్పటికే కొనేసిన వాళ్లకి దారేంటి? డబ్బులు పెట్టే ముందు ఏం చూసుకోవాలి? వివరంగా చూద్దాం.

ముందు మోడ్ అంటే ఏంటి?

మన దగ్గర మోడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 'మోడ్ ఏపీకే'. అంటే అన్‌లిమిటెడ్ కాయిన్స్ వచ్చేలా ఎవరో మార్చేసిన దొంగ యాప్. ఇక్కడ మాట్లాడుతున్నది దాని గురించి కాదు. మోడ్ అంటే గేమ్‌కి అభిమానులు సొంతంగా తయారు చేసి జోడించే కొత్త సరుకు. కొత్త బండి, కొత్త మ్యాప్, కొత్త రూల్స్, ఒక్కోసారి కొత్త కథ కూడా. చాలావరకు ఉచితమే.

ఫోన్‌లో ఆడేవాళ్లకి తెలిసిన ఉదాహరణ బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. మాలియో అనే ఇండోనేషియా సంస్థ 2017లో తెచ్చిన గేమ్ ఇది. అందులో మన ఆర్టీసీ బస్సు రంగులు వేసుకుని నడిపే వీడియోలు తెలుగు యూట్యూబ్‌లో బోలెడు. ఆ రంగులు, ఆ బస్సులు కంపెనీ ఇచ్చినవి కావు. అభిమానులు చేసినవే. మోడ్ ఫైల్ దించుకుని ఫోన్‌లో గేమ్ ఫోల్డర్‌లో వేస్తే చాలు, గేమ్ దాన్ని గుర్తుపడుతుంది.

కడియం నర్సరీల సంగతి గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడ మొక్క కొని ఇంటికి తెచ్చుకున్నాక, దానికి ఏ ఊరి కొమ్మ తెచ్చి అంటు కట్టుకున్నా అడిగేవాడు ఉండడు. ఫోల్డర్‌లో వేసుకునే మోడ్ కూడా అంతే. అయితే కంప్యూటర్ గేమ్‌ల దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల కథ మారిపోయింది.

ఒకే గేమ్.. రెండు తలుపులు

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే అతిపెద్ద ఆన్‌లైన్ దుకాణం స్టీమ్. అమెరికాకి చెందిన వాల్వ్ కంపెనీది. 2003లో మొదలైంది. 2011లో 'వర్క్‌షాప్' అనే విభాగం తెరిచింది. మోడ్ నచ్చితే 'సబ్‌స్క్రైబ్' నొక్కడమే. డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్, అప్‌డేట్ అన్నీ దానంతట అవే జరిగిపోతాయి. ఆడేవాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. అందుకే మోడ్ తయారు చేసేవాళ్లు కూడా తమ పనంతా తీసుకెళ్లి అక్కడే పెట్టడం మొదలెట్టారు.

2018 డిసెంబర్‌లో ఎపిక్ గేమ్స్ స్టోర్ రంగంలోకి దిగింది. జనాన్ని లాగడానికి ఫ్రీ గేమ్‌లు ఇవ్వడం మొదలెట్టింది. 2020 మే నెలలో, అందరూ లాక్‌డౌన్‌తో ఇళ్లలో ఉన్నప్పుడు జీటీఏ 5 ఫ్రీగా ఇచ్చేసరికి తాకిడి తట్టుకోలేక సైటే కాసేపు ఆగిపోయింది. ఆ తర్వాతి వారం సివిలైజేషన్ 6. అదే ఏడాది డిసెంబర్‌లో నగరాలు కట్టే గేమ్ 'సిటీస్: స్కైలైన్స్'.

ఇక్కడే ఉంది అసలు ట్విస్ట్. రాజమండ్రిలో సివిల్ ఇంజినీరింగ్ చదివే ఓ కుర్రాడు ఆ రోజు సిటీస్: స్కైలైన్స్ ఫ్రీగా తీసుకున్నాడనుకుందాం. గోదావరి మీద 1974లో వచ్చిన వంతెనలాగా కింద రైలు, పైన రోడ్డు ఉండే బ్రిడ్జి తన సిటీలో కట్టాలని సరదా పడ్డాడు. యూట్యూబ్‌లో ఎవరో అలాంటివి కడుతుంటే చూశాడు. ఎలా అని వెతికితే తేలేది ఒక్కటే.. ఆ వీడియోల్లో కనిపించే రోడ్లు, వంతెనలు, భవనాలు చాలావరకు స్టీమ్ వర్క్‌షాప్‌లోవి. లక్షల్లో ఉంటాయి. గేమ్ స్టీమ్‌లో ఉంటేనే ఆ సబ్‌స్క్రైబ్ బటన్ పనిచేస్తుంది. ఎపిక్ కాపీకి ఆ తలుపు లేదు.

ఆ వంతెన కట్టాలంటే అదే గేమ్‌ని స్టీమ్‌లో మళ్లీ డబ్బులిచ్చి కొనాలి. పైగా ఒక స్టోర్‌లో కొన్న డీఎల్‌సీలు, అంటే అదనపు ప్యాక్‌లు, ఇంకో స్టోర్ కాపీకి మామూలుగా పనిచేయవు. ఫ్రీగా వచ్చిన గేమ్‌కి ఎపిక్‌లో రెండు మూడు ప్యాక్‌లు కొన్నాక స్టీమ్‌కి మారితే, వాటికి పెట్టిన ఖర్చు కూడా అక్కడే ఉండిపోయినట్టు.

జీటీఏ 5కి లేని ఇబ్బంది దీనికెందుకు?

అదే ఎపిక్‌లో ఫ్రీగా వచ్చిన జీటీఏ 5 మాత్రం మోడ్స్‌తో దర్జాగా నడిచింది. తెలుగు స్ట్రీమర్లు చేసే రోల్‌ప్లే లైవ్‌లు చూసేవాళ్లకి 'ఫైవ్‌ఎం' పేరు తెలిసే ఉంటుంది. స్టీమ్‌లో కొన్నా, ఎపిక్‌లో తీసుకున్నా, రాక్‌స్టార్ దగ్గరే కొన్నా, అసలు కాపీ ఉంటే చాలు, ఫైవ్‌ఎం పనిచేస్తుంది. ఎందుకంటే అది ఏ దుకాణంలోనూ భాగం కాదు. బయట పుట్టింది. 2023 ఆగస్టులో దాన్ని తయారు చేసిన టీమ్‌ని రాక్‌స్టార్ తనలో కలిపేసుకుంది కూడా.

అంటే గేమ్ మోడ్స్‌కి పనికొస్తుందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆ మోడ్స్ ఎవరి గోదాంలో ఉన్నాయన్నది రెండో ప్రశ్న. మనం మొదటిది మాత్రమే అడిగి కొనేస్తాం. దెబ్బ తగిలేది రెండో దాని దగ్గర.

మూడోది కూడా ఒకటుంది.. టెక్నికల్ చిక్కు. కొన్ని మోడ్స్ గేమ్ ప్రోగ్రామ్ ఫైల్‌ని పట్టుకుని పనిచేస్తాయి. ఆ ఫైల్ స్టోర్‌ని బట్టి కొంచెం మారుతుంది. 'స్కైరిమ్'లో పెద్ద మోడ్స్ చాలావాటికి ఆధారం 'స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్' అనే టూల్. దానికి స్టీమ్ కాపీకి ఒక వెర్షన్, జీఓజీ కాపీకి ఇంకో వెర్షన్ ఉన్నాయి. ఎపిక్ కాపీకి సపోర్ట్ లేదు. ఫైల్ చేతిలో ఉన్నా ఉపయోగం ఉండదు.

ఇప్పటికే వేరే స్టోర్‌లో కొనేశారా? దారులు ఇవీ

కంగారు పడక్కర్లేదు. వరుసగా ఇవి చూడండి.

1. గేమ్ లోపలే మోడ్స్ మెనూ ఉందేమో చూడండి. కొత్త గేమ్‌లు కొన్ని స్టోర్‌తో పనిలేకుండా సొంత ఏర్పాటు పెట్టుకుంటున్నాయి. బాల్డర్స్ గేట్ 3కి 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ప్యాచ్ 7తో గేమ్‌లోనే మోడ్ మేనేజర్ వచ్చింది. స్టీమ్ వాళ్లకీ, జీఓజీ వాళ్లకీ ఒకటే.

2. నెక్సస్ మోడ్స్, మోడ్‌డీబీ లాంటి పాత, పేరున్న సైట్లు చూడండి. ఇవి ఏ స్టోర్‌కీ చెందినవి కావు. స్టార్‌డ్యూ వ్యాలీ మోడ్స్ ఎక్కువగా నెక్సస్‌లోనే ఉంటాయి. వాటికి కావాల్సిన 'స్మాపీ' టూల్ స్టీమ్, జీఓజీ, ఎక్స్‌బాక్స్ యాప్ మూడింటికీ పనిచేస్తుంది.

3. మోడ్ చేసినవాళ్ల సొంత పేజీ వెతకండి. వర్క్‌షాప్‌లో పెట్టిన మోడ్‌నే గిట్‌హబ్‌లోనో, నెక్సస్‌లోనో కూడా పెట్టేవాళ్లు ఉంటారు. కనపడకపోతే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టి అడగండి. అది వాళ్ల కష్టం. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

4. ఫోల్డర్ పద్ధతి తెలుసుకోండి. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో డాక్యుమెంట్స్ కింద గేమ్ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల 'మోడ్' ఫోల్డర్‌లో ఫైల్ వేస్తే చాలు. సివిలైజేషన్ 6కీ, సిటీస్: స్కైలైన్స్‌కీ ఇలాంటి ఫోల్డర్లే ఉన్నాయి. ఎపిక్ కాపీ ఉన్నవాళ్లు కూడా చేత్తో వేసుకోవచ్చు. కాకపోతే ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అవ్వవు. గేమ్‌కి కొత్త ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ మనమే చూసుకోవాలి.

5. ఇవేవీ కుదరకపోతే స్టీమ్ సేల్ దాకా ఆగండి. సమ్మర్, వింటర్ సేల్స్‌లో పాత గేమ్‌ల ధర బాగా తగ్గుతుంది.

వర్క్‌షాప్ నుంచి ఫైల్స్ లాగి ఇస్తామని చెప్పే 'డౌన్‌లోడర్' సైట్లు కూడా సెర్చ్‌లో కనపడతాయి. వాల్వ్ వారి సొంత 'స్టీమ్ సీఎండీ' టూల్‌తో అకౌంట్ లేకుండా దించుకునే వీలు కొన్ని గేమ్‌లకే ఉంది. మిగతా వాటికి ఈ బయట సైట్లు ఏ ఫైల్ ఇస్తున్నాయో, అందులో ఏం కలిపాయో చూసే నాథుడు లేడు.

ఈ జాగ్రత్త అతి కాదు

2015 మే నెలలో జీటీఏ 5కి వచ్చిన 'యాంగ్రీ ప్లేన్స్' మోడ్‌లో వైరస్ బయటపడింది. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మోడ్స్ ద్వారా 'ఫ్రాక్చరైజర్' అనే మాల్వేర్ పాకింది. అది కూడా కర్స్‌ఫోర్జ్ లాంటి పేరున్న సైట్ నుంచే. అదే ఏడాది క్రిస్మస్ రోజున 'స్లే ద స్పైర్' గేమ్‌కి చెందిన 'డౌన్‌ఫాల్' మోడ్ స్టీమ్‌లోనే హ్యాక్ అయ్యింది. పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్ కొందరి కంప్యూటర్లలోకి దిగింది.

పెద్ద సైట్లలోనే ఇలా జరిగితే ఊరూ పేరూ లేని సైట్ల సంగతి ఊహించుకోండి. మన ఇళ్లలో ఉండేది చాలావరకు ఒక్కటే కంప్యూటర్. నాన్నగారి బ్యాంకు లాగిన్ అందులోనే, అక్క ఆఫీసు మెయిల్ అందులోనే, తమ్ముడి గేమ్ కూడా అందులోనే. 'యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అని ఏ మోడ్ పేజీ అయినా అడిగితే అక్కడితో ఆపేయండి. స్టీమ్ పాస్‌వర్డ్ ఎవరు అడిగినా ఇవ్వొద్దు.

కొన్న గేమ్ మనదేనా?

ఒకప్పుడు నెట్ సెంటర్‌లో శాన్ ఆండ్రియాస్ ఆడిన తరానికి ఇదంతా వింతగా ఉంటుంది. గేమ్ ఫోల్డర్ తెరిచి, కారు ఫైల్ మార్చి, హీరో మొహం అతికించి ఆడేసేవాళ్లు. ఆ కాపీలు చాలావరకు దొంగవే, అది తప్పే. కానీ ఇప్పుడు నిజాయితీగా డబ్బులిచ్చి కొంటున్న కుర్రాడికి, కొన్న దుకాణాన్ని బట్టి కొన్ని తలుపులు మూసుకుపోతున్నాయి.

మనం కొంటున్నది గేమ్‌ని కాదు, ఆడుకోవడానికి లైసెన్స్‌ని. ఈ మాట కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్టీమ్ అంతకుముందే తన కార్ట్ పేజీలో ఆ నోటీసు పెట్టేసింది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బులు పెట్టి ఆడే గేమ్‌లని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహిస్తామంది. కొన్న గేమ్ మీద కొన్నవాడి హక్కుల జోలికి ఆ చట్టం వెళ్లలేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, కొనే ముందు నిర్ణయం తీసుకోవడానికి కావాల్సిన సమాచారం వినియోగదారుడికి ఇవ్వాలి. కానీ 'ఈ కాపీకి వర్క్‌షాప్ మోడ్స్ పనిచేయవు' అని కొనే బటన్ పక్కనే రాసిన పేజీ కనపడటం కష్టమే. రావాల్సిన మార్పు ఇక్కడ ఉంది. ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

ఇంకో కోణం కోనసీమ వాళ్లకి అనుభవమే. 2022 మేలో అమలాపురం ఘటనల తర్వాత అక్కడ రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. నెట్ లేనప్పుడు మిగిలేది మన డిస్క్‌లో ఉన్నదే. అందుకే జీఓజీ లాంటి స్టోర్లు ఇచ్చే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌కి, చేత్తో దాచుకున్న మోడ్ ఫైల్స్‌కి విలువ. నచ్చిన మోడ్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోండి.

గాలి మారుతోందా?

కొంచెం మారుతోంది. సిటీస్: స్కైలైన్స్ 2 గేమ్ 2023 అక్టోబర్‌లో వచ్చినప్పుడు కంపెనీ స్టీమ్ వర్క్‌షాప్‌ని పక్కన పెట్టి, సొంత 'పారడాక్స్ మోడ్స్' వైపు వెళ్లింది. 2024 మార్చిలో మోడ్స్ మొదలయ్యాయి. స్టీమ్‌లో కొన్నవాళ్లకీ, మైక్రోసాఫ్ట్ స్టోర్ వాళ్లకీ ఒకే గోదాం. వర్క్‌షాప్‌కి అలవాటుపడ్డ పాత ఆటగాళ్లు కొందరు దీన్ని తప్పుపట్టారు. వాళ్ల బాధలోనూ న్యాయం ఉంది. ఒక దుకాణం తాళం తీసి ఇంకో కంపెనీ తాళం వేసినట్టే కదా. రేపు ఆ కంపెనీ సర్వర్ మూసేస్తే ఏంటి? అయినా ఏ స్టోర్‌లో కొన్నా ఒకటే సరుకు అందడం కొనేవాడికి లాభమే.

డబ్బులు పెట్టే ముందు 4 ప్రశ్నలు

- యూట్యూబ్‌లో చూసి ముచ్చటపడ్డ ఆ మోడ్ ఎక్కడ దొరుకుతోంది? వీడియో డిస్క్రిప్షన్‌లో లింక్ చూడండి. స్టీమ్ వర్క్‌షాప్ లింక్ అయితే గేమ్ కూడా స్టీమ్‌లో ఉండాలి.
- వేరే సైట్‌లో చవగ్గా వస్తోందా? అది 'స్టీమ్ కీ' ఇస్తుందా, లేక సొంత లాంచర్‌లోనే నడుస్తుందా చూడండి. హంబుల్ లాంటి అధీకృత స్టోర్‌లో కొన్న స్టీమ్ కీని స్టీమ్‌లో యాక్టివేట్ చేస్తే వర్క్‌షాప్ కూడా వస్తుంది.
- ఆ మోడ్‌కి ఏవైనా డీఎల్‌సీలు తప్పనిసరా? వాటి ధర కూడా కలిపి లెక్క వేయండి.
- రీఫండ్ ఎలా? స్టీమ్, ఎపిక్ రెండింట్లోనూ మామూలుగా 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. జీఓజీలో 30 రోజులు. కొన్న వెంటనే మోడ్ పనిచేస్తుందో లేదో చూసేయండి, తర్వాత ఆడొచ్చు.

పేజీలో మోడ్స్ ఉన్నాయని రాసి, కొన్నాక లేవంటే స్క్రీన్‌షాట్ దాచుకుని ముందు స్టోర్‌కి రాయండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఫ్రీ గేమ్ వస్తే తీసుకోండి, తప్పేం లేదు. దాని మీద ప్యాక్‌లు కొనడం మొదలెట్టే ముందు మాత్రం మీకు కావాల్సిన మోడ్ ఏ గోదాంలో ఉందో ఒక్క 5 నిమిషాలు వెతకండి. రాజమండ్రి కుర్రాడు తన వంతెనని ఒకే గేమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టకుండా కట్టుకోవచ్చు.