తీర్పులో లేని తెగతెంపులు

మా తమ్ముడికి విడాకులై ఎనిమిదేళ్లు దాటింది. తప్పెవరిదన్న పంచాయితీ ఇప్పుడు పెట్టను. వాళ్ల మధ్య ఏం చెడిందో వాళ్లకే తెలుసు. నేను ఒప్పుకోవలసింది మా తప్పు. అమ్మ, నాన్న, బాబాయిలు, పిన్నులు, అక్కచెల్లెళ్లం అందరం కలిసి చేసిన తప్పు.

ఇద్దరూ ఒప్పుకునే విడిపోయారు. హిందూ వివాహ చట్టం 1955లోనే వచ్చినా, పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1976లో చేర్చారు. అర్జీ పెట్టాక ఆర్నెల్లు ఆగి ఆలోచించుకోమంటుంది ఆ సెక్షన్. అక్కర్లేదనుకుంటే కోర్టు ఆ గడువును తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మావాళ్లు ఆర్నెల్లూ ఆగారు. ఆ గడువు వాళ్లిద్దరికే అనుకున్నాం. మాకూ అని తట్టలేదు. ఆ ఆర్నెల్లలో మాలో ఒక్కరం మరదలికి ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా" అనలేదు. ఏడేళ్లపాటు మా అమ్మకు పూటపూటా మాత్రలు గుర్తుపెట్టుకుని ఇచ్చిన మనిషి ఆమె.

సామాను తిరిగిచ్చిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పెద్దవాళ్లు హాల్లో కూర్చుని లిస్టు చదువుతున్నారు. మంచం, బీరువా, బిందెలు ఒక్కొక్కటే టిక్కు పెట్టి వ్యాన్ ఎక్కిస్తున్నాం. గిన్నెల మధ్యలోంచి చిన్న స్టీలు డబ్బా బయటికొచ్చింది. మేనకోడలు బడిలో చేరినప్పుడు నేను కొన్నది. మూత మీద దాని పేరు, కింద "మేనత్త" అని చెక్కించాను. "ఇది మనం పెట్టిందే కదా" అంటూ పిన్ని తీసి పక్కన పెట్టింది. మరదలి నాన్న ఏమీ అనకుండా లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనూ నోరెత్తలేదు. పిల్ల చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తూనే ఉంది.

తర్వాత వరసలే మారిపోయాయి. "మరదలు" పోయి "ఆవిడ" వచ్చింది. "మన పిల్ల" కాస్తా "ఆవిడ కూతురు" అయింది. శుభకార్యాల పిలుపులు రాసేటప్పుడు ఆ ఇంటి దగ్గర కలం ఒక్క క్షణం ఆగేది, ఎవరూ ఏమీ అనకుండానే కింది పేరుకు వెళ్లిపోయేది. మేనకోడలి ఓణీల వేడుక వాట్సాప్ స్టేటస్‌లో చూసి తెలుసుకున్నాం. పక్కన నిలబడి అక్షింతలు వేయాల్సిన నేను ఫోన్‌లో ఫొటో పెద్దది చేసుకుని చూశాను. అమ్మ పోయే ముందు రెండుసార్లు మనవరాలి కోసం అడిగింది. తీసుకురమ్మనడానికి మాకు మొహం చెల్లలేదు.

ఈమధ్య బీరువా సర్దుతుంటే తీర్పు కాగితాలు కనిపించాయి. కూర్చుని చదివాను. పిల్ల తల్లి దగ్గర ఉండాలని, తండ్రి వచ్చి చూడవచ్చని ఉంది. మేనత్త గడప తొక్కకూడదని లేదు. నానమ్మ పలకరించకూడదని లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం లెక్కన ఆ పిల్ల ఇప్పటికీ మా తమ్ముడికి మొదటి తరగతి వారసురాలే. కోర్టు విప్పింది ఒక్క ముడి. మిగతావన్నీ పరువు పేరు చెప్పి, "మనకెందుకు" అనుకుని, మా చేతులతో మేమే తెంచాం.

మా ఒక్క ఇంటి సంగతే కాదిది. సంబంధం కుదిర్చేటప్పుడు మనమంతా పెద్దలమే. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తాం, తాంబూలాలు పుచ్చుకుంటాం. అది చెడ్డాక పిల్లకు పెద్దదిక్కుగా నిలబడాల్సినప్పుడు ఒక్కరం కనబడం.

ఆ డబ్బా మా వంటింట్లోనే ఉంది. ఆవాలు పోసుకున్నాం. తోమినప్పుడల్లా మూత మీది అక్షరాలు వేలికి తగులుతాయి. పిల్లకిప్పుడు పధ్నాలుగేళ్లు, డబ్బా పట్టుకుని బడికెళ్లే వయసు దాటిపోయింది. అయినా ఈ ఆదివారం దాన్ని ఖాళీ చేసి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ముందు మరదలికి ఫోన్ చేసి, రావచ్చా అని అడుగుతాను. రావద్దంటే నొచ్చుకునే హక్కు నాకు లేదు.