సున్నం చేసిన నేరమేమిటి?

మా వాల్మీకిపురంలో పండుగ ముందర వెల్లవేయ వచ్చిన కూలీ మొదట సున్నపు తొట్టి ముట్టడు. ఇనుపరేకు పట్టి పాత పెళ్లలు గీకుతాడు. చెమ్మగోడమీద యెంత తెల్లగా పూసినా నాలుగునాళ్లకు పెళ్లలు లేస్తవని అతనికి తెలుసు. మన చరిత్రకారులకు, పత్రికలవారికి యీపాటి సంగతి తెలియకనా? గీకడం వారికిష్టం లేదు, అంతే.

ఇంగ్లీషువాడు నేరాన్ని కప్పిపుచ్చడాన్ని వెల్లవేయడమన్నాడు. మన జనం మసిపూసి మారేడుకాయ చేయడమన్నారు. రంగులు వేరైనా పని ఒకటే. సున్నానికి యీ అపకీర్తి అన్యాయం. బట్టీలో కాలి, నీళ్లలో వుడికి, గోడమీద గాలి పీల్చి తిరిగి రాయయ్యే పదార్థమది. నేరం సున్నానిది కాదు, గీకకుండా పూసే చేతిది.

ఆ చేతిపనికి రెండు సాక్ష్యాలు చూపిస్తాను. 1876–78 ధాత కరువులో, అప్పట్లో కడప జిల్లాలో వున్న మా వాయల్పాటి సీమ మాడిపోయింది. వానలు లేక జనం చచ్చారని పాఠం చెపుతారు. దేశంనుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదనీ, ధరల జోలికి పోరాదని వైస్రాయి లిట్టన్ పట్టుబట్టాడనీ చెప్పరేం? తప్పంతా మేఘాల మీదికి నెడితే దొరతనం గోడ తెల్లబడుతుంది గనుక!

దొరలు పోయారు, పూత పోలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవశిక్ష వేసింది. 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని శిక్షపడినవారందరినీ విడిచిపెట్టింది. తీర్పు సంగతి అటుంచి నేను మాటను పట్టుకుంటాను. ఇటువంటి హత్యాకాండను ‘రెండు వర్గాల ఘర్షణ’ అని రాసే కలాన్ని యేమనాలి? ఘర్షణకు రెండువైపులా చేతులుండాలి. గోనెసంచిలో వున్నవాడు యెవరితో ఘర్షించాడు?

పాత పుండు కెలకడం దేనికి, వూరు ప్రశాంతంగానే వున్నదిగదా అంటారు పెద్దలు. చెమ్మ కనబడనంత మాత్రాన గోడ ఆరినట్లా?

విద్యార్థి మిత్రులారా, ఉపాధ్యాయ సోదరులారా! ‘కరువు వచ్చింది’ అని పాఠంలో వుంటే గాదెల తాళంచెవులు యెవరి మొలన వున్నవని అడగండి. ‘సంఘటన జరిగింది’ అని వుంటే చేసినవాడెవడని అడగండి. కర్తలేని వాక్యం కనబడిన ప్రతిచోటా పూత వున్నదని యెరగండి. జవాబు చెప్పించిననాడు ఆ గోడకు మన చేతులతోనే సున్నం కొడదాం. అంతదాకా మన చేతిలో వుండవలసింది కుంచె కాదు, ఇనుపరేకు.