వేగం ఎవరి జాగీరు?

షబే బరాత్ రాత్రి హైదరాబాద్‌లో చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు. డిసెంబరు 31 రాత్రి కూడా మూసేస్తారు. రెండు రాత్రుల్లోనూ పోలీసులు చెప్పే కారణం దాదాపు ఒకటే. కుర్రాళ్లు బైకులు అడ్డగోలుగా నడుపుతారు, ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. కారణం ఒకటైనప్పుడు మాట కూడా ఒకటే ఉండాలి గదా? ఉండదు. డిసెంబరు 31న పట్టుబడ్డవాడు ‘యువత’. షబే బరాత్ నాడు పట్టుబడ్డవాడు ‘పాతబస్తీ’. మొదటివాడి తప్పు వాడొక్కడిదే. రెండోవాడి తప్పుకి వాడి గల్లీ, వాడి కౌమ్, వాడి మజ్‌హబ్ అన్నీ జవాబు చెప్పుకోవాలి. ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతికేవాణ్ని. ఒకే సంఘటన ఒక డెస్కు నుంచి ఇంకో డెస్కుకి వెళ్లేలోపు ఎట్లా రంగు మారుతుందో రోజూ చూస్తున్నాను.

రాత్రిపూట రోడ్ల మీద పందేలు కాయడాన్ని నేను సమర్థించడం లేదు. షబే బరాత్ దువా చేసుకునే రాత్రి. ఖబరస్తాన్‌కి వెళ్లి పోయినవాళ్లని తలుచుకునే రాత్రి. ఆ రాత్రే ఇంకో ఖబర్ తవ్వించే పని చేస్తే ఏ తల్లి ఓర్చుకుంటుంది? వంతెన మూసినందుకు నాకు ఫిర్యాదు లేదు. మూసినవాళ్లు ఆ కుర్రాళ్లకి ఇంకే దారీ చూపించలేదన్నదే నా ఫిర్యాదు. ఇరవై ఏళ్లవాడికి వేగం మీద మోజు ఉంటుంది. అది వయసు లక్షణం. దాన్ని మతం లక్షణంగా ఎవరు మార్చారు?

ఆ మోజు తీర్చుకోవడానికి చట్టం ఒప్పుకున్న చోటు ఉంది. దానికి పెట్టిన పేరు ట్రాక్ డే. అది పందెం కాదు, గెలుపోటములుండవు. రేసులు జరిగే ట్రాక్‌ని ఒక రోజు మామూలు బైకులవాళ్లకి ఇస్తారు. ఎదురుగా లారీ రాదు, అడ్డంగా ఆటో రాదు, అందరూ ఒకే దిక్కుకి పోతారు. అనుభవాన్ని బట్టి జట్లు చేసి, ఒక్కో జట్టుని పదిహేను ఇరవై నిమిషాలు వదులుతారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, ఎవర్నీ దాటొద్దు. ఎర్ర జెండా చూపిస్తే అందరూ నెమ్మదించి వెనక్కి రావాలి. ఒక పక్క అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది.

మన వైపు నుంచి ఇందుకోసం వెళ్లేవాళ్లు ఎక్కువగా చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి పోతారు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో ప్రారంభించిన ట్రాక్ అది. 3.7 కిలోమీటర్ల చుట్టు, 12 మలుపులు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. అంతకుముందు దశాబ్దాల పాటు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే మీద పందేలు జరిగేవి. అంటే ఆ ఊరివాళ్లు వేగానికి ఒక చోటు వెతికిపెట్టారు.

2025 ఫిబ్రవరిలో, షబే బరాత్ అయ్యాక, రంజాన్ రాకముందు, మా బస్తీ నుంచి ముగ్గురం అక్కడికి బయల్దేరాం. నేను నా పాత బుల్లెట్ మీద. మా గల్లీ మెకానిక్ తన సెకండ్‌హ్యాండ్ ఆర్15 మీద. నా వెనక సీట్లో పానాల సంచి పట్టుకుని అతని శాగిర్ద్. మెకానిక్‌కి ఇరవై ఆరేళ్లు. పదకొండో ఏట బడి మానేసి ఉస్తాద్ దగ్గర కూర్చున్నాడు. పదిహేనేళ్లుగా ఇతరుల బళ్లని పరుగెత్తించడమే పని. తన బండి ఎంత పరుగెత్తుతుందో ఒక్కసారి చూసుకోవాలని రెండేళ్లు డబ్బు కూడబెట్టాడు.

ఆరు వందల కిలోమీటర్లు దాటిన దారి. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి నల్గొండ, మిర్యాలగూడ. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పిడుగురాళ్ల సున్నపు దుమ్ములోంచి నరసరావుపేట, అద్దంకి. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కి ఒంగోలు, నెల్లూరు. రాత్రి నెల్లూరులో ఆగాం. స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా ఉన్న ఊరు. మొహర్రం రోజుల్లో అక్కడ రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అంటూ హిందువులూ ముస్లిములూ ఆ నీళ్లలో నిలబడి ఒకరి చేతి రొట్టె ఇంకొకరు తింటారు. అటువంటి నేల మీదుగా పోతున్నాం గనక మా పేర్లు ఎవరికీ అడ్డం కావనుకున్నాడు శాగిర్ద్.

అడ్డమయ్యాయి. దారిలో ఒకచోట తనిఖీ జరుగుతోంది. మా ముందే అట్లాంటి బైకుల మీదే పదిమంది గుంపు ఆగకుండా వెళ్లింది. మమ్మల్ని ఆపారు. హెల్మెట్లున్నాయి, లైసెన్సులున్నాయి, ఇన్సూరెన్సు ఉంది. లైసెన్సుల మీద పేర్లు చదివాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఎక్కణ్ణుంచి, ఎందుకు, ఎవరి బండి, సంచిలో ఏముంది? సంచి విప్పి చూపించాం. పానాలు, ప్లగ్గు విప్పే స్పానర్, చెయిన్‌కి వేసే నూనె, పంక్చర్ సామాను, గాలి పంపు. నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఇదీ ఒక వివక్షేనా అని మీరు అడగవచ్చు. ఆ పదిమందిలో ఒక్కరికైనా ఆ నలభై నిమిషాలు ఎందుకు ఖర్చు కాలేదో చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటాను.

ట్రాక్ దగ్గర కూడా లైసెన్సు అడిగారు. ఒక ఫారం ఇచ్చారు. అందులో రక్తం గ్రూపు అడిగారు, పడితే ఎవరికి ఫోన్ చేయాలో అడిగారు. హెల్మెట్, సూటు, బూట్లు, గ్లవుజులు చూశారు. బ్రేకులు నొక్కి చూశారు, చెయిన్ లాగి చూశారు. అద్దాలు విప్పించారు, లైట్ల మీద టేపు వేయించారు. ఎవరు నువ్వు అని కాకుండా, నువ్వూ నీ బండీ ఇందుకు తయారుగా ఉన్నారా అని అడిగే చోటు మా కుర్రాడికి అది మొదటిది.

కాని అక్కడ కూడా గేటు ఒకటి ఉంది. దాని మీద మతం పేరు రాసి లేదు, ధర రాసి ఉంది. ప్రవేశం వేలల్లో. మంచి లెదర్ సూటు ధరకి మా బస్తీలో నడిచే బండి ఒకటి వస్తుంది. మావాడు సూటు అరువు తెచ్చుకున్నాడు. గ్యారేజీల వరసలో ఖరీదైన బైకుల పక్కన తన ఆర్15ని నిలబెట్టి టైర్లలో గాలి చూసుకుంటుంటే, ఒకాయన వచ్చి మర్యాదగానే అడిగాడు: ‘నువ్వు ఎవరి మెకానిక్‌వి?’ మావాడు తలెత్తకుండా ‘నా బండికే’ అన్నాడు.

ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. అడిగినాయన చెడ్డవాడు కాదు. ఆయన అంతకుముందు చూసిన ఇట్లాంటి పేర్లూ, ఇట్లాంటి చేతులూ ఇతరుల బళ్ల దగ్గరే ఉన్నాయి. పుత్లీబౌలికో జాంబాగ్‌కో వెళ్లి చూడండి. ఐటీ ఉద్యోగి వారాంతంలో నడిపే బైకు సోమవారం ఎవరి చేతుల్లో ఉంటుంది? దాని క్లచ్ ప్లేట్లు మార్చేదెవరు, ఇంజన్ మోత విని జబ్బు చెప్పేదెవరు? ఎక్కువ చోట్ల ఒక ఉస్తాద్, అతని శాగిర్దులు. కాలేజీ మెట్లెక్కని చదువు అది. ఆ చదువుకి సర్టిఫికెట్ లేదు గనక చదువే కాదన్నారు.

ఆ చదువు ఎంతటిదో ట్రాక్ మీద తెలుస్తుంది. బైకు రెండు టైర్లూ నేలని పట్టుకునేది చెరో అరచేయంత చోటులో. మలుపులో మనిషి ప్రాణం ఆ కాస్త చోటు మీదే ఉంటుంది. ట్రాక్ మీద టైరు కాగుతుంది, కాగితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకని ముందే కొంత గాలి తీసి వదలాలి. ఎక్కువ తీస్తే బండి మలుపులో బరువుగా కదులుతుంది, తీయకపోతే టైరు జారుతుంది. బ్రేకు నూనె పాతబడి నీరు పట్టి ఉంటే నాలుగు చుట్లకే మరిగి, నొక్కిన లివరు మెత్తగా లోపలికి పోతుంది. చెయిన్ మరీ బిగిస్తే ఒక బాధ, వదిలేస్తే ఇంకో బాధ. ఇవన్నీ మావాడు ఏ పుస్తకంలోనూ చదవలేదు. మొదటి సెషన్ నుంచి రాగానే టైరు మీద చేయి పెట్టి చూశాడు, గాలి కొలిచాడు, ఇంకొంచెం తీశాడు. మధ్యాహ్నానికి పక్క గ్యారేజీ వాళ్లు తమ టైర్లు కూడా చూసిపెట్టమని వచ్చారు. పొద్దున ‘ఎవరి మెకానిక్‌వి’ అన్న ఆయన కూడా వచ్చాడు.

ఇదీ పంక్చర్‌వాలా హునర్. ఈ దేశంలో ఆ మాట ఒక తిట్టు. 2019 డిసెంబరులో బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వీ సూర్య, పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకించేవాళ్లు చదువురానివాళ్లూ పంక్చర్‌వాలాలూ అని ఎగతాళి చేశాడు. మేం ఇరుంగట్టుకోట్టై నుంచి తిరిగొచ్చిన రెండు నెలలకి, 2025 ఏప్రిల్ 14న, హర్యానాలోని హిసార్‌లో ప్రధాని నరేంద్ర మోదీ మాట్లాడుతూ, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిళ్లకి పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. ఒకరిది వెక్కిరింత, ఇంకొకరిది జాలి. రెండిటిలోనూ పంక్చర్ వేయడం సిగ్గుపడాల్సిన పనే. వక్ఫ్ భూములు మింగినవాళ్లలో మా పెద్దమనుషులూ ఉన్నారు, వాళ్లని మేమే నిలదీస్తాం. కాని మీ టైరులో గాలి నింపిన చేతిని చూసి జాలిపడే హక్కు మీకెవరిచ్చారు? సచార్ కమిటీ 2006లోనే చెప్పింది, ముస్లిం శ్రామికుల్లో స్వయం ఉపాధి మీద బతికేవాళ్లు ఎక్కువని. జీతాల ఉద్యోగాల తలుపులు మూసి ఉంటే రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్నాం. తలుపులు మూసినవాళ్లే షెడ్డుని చూసి నవ్వుతున్నారు.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. మీ కథల్లో, సినిమాల్లో మా కోసం ఒక పాత్ర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బండి చెడిపోతే బాగుచేసి పెట్టే భాయ్. హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. అతను చాలా మంచివాడు. బండి మాత్రం ఎప్పుడూ నడపడు, నడిపేది హీరో. ఆ మంచి భాయ్‌కి కూడా ఒక మోజు ఉంటుందనీ, ఒక ఆదివారం కావాలనీ మీకెందుకు తోచలేదు? మా మీద జరిగిన దాడులప్పుడు మీరు మా పక్కన నిలబడ్డారు, షుక్రియా. మా సరదాల దగ్గర కూడా మనుషులుగా లెక్కేయండి.

మావాళ్లకీ చెప్పాల్సింది ఉంది. కుర్రాడు బైకు కొంటే చాలు, మన పెద్దలకి వాడు చెడిపోయినట్టే. చలాన్లు పడితే లీడర్ల దగ్గరికి పరుగెత్తుతారు, లీడరు ఫోన్ చేసి విడిపిస్తాడు, ఓటు తీసుకుంటాడు. 2015లో పాతబస్తీలో ‘ఆపరేషన్ చబుత్రా’ పేరుతో, రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న పిల్లల్ని పట్టుకెళ్లి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ పిల్లలకి అరుగు తప్ప ఇంకో చోటు ఎందుకు లేదని ఎంతమంది లీడర్లు అడిగారు? ఒక మైదానం కోసం ఎంతమంది ధర్నా చేశారు? ఇక మా ఆడపిల్లల సంగతి. బురఖాతోనే స్కూటీ నడుపుతూ కాలేజీకీ ఉద్యోగానికీ పోయే అమ్మాయిలు హైదరాబాద్‌లో ఎంతమందో. వాళ్లకీ వేగం అంటే ఇష్టం ఉండొచ్చని మా మగవాళ్లెవరూ అనుకోను కూడా అనుకోరు. మమ్మల్ని గేటు బయట నిలబెట్టారని అరిచే మేమే ఇంట్లో ఇంకో గేటు వేశాం.

ట్రాక్ మాత్రం ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే. 2023 ఆగస్టులో అదే ఇరుంగట్టుకోట్టైలో, జాతీయ పోటీల్లో, బెంగళూరు నుంచి వచ్చిన 13 ఏళ్ల బాలుడు పడి చనిపోయాడు. అంత చిన్నవాళ్లని పోటీకి దింపాలా అన్నది గట్టిగా తేల్చుకోవాల్సిన ప్రశ్న. కాని పద్ధతి ప్రకారం నడిచే ట్రాక్‌నీ, లారీలు తిరిగే రింగురోడ్డునీ ఒక్క గాటన కట్టలేం. డబ్బున్నవాడి కొడుక్కి ట్రాక్, లేనివాడి కొడుక్కి రింగురోడ్డు అని పంచి, తర్వాత రెండోవాణ్ని క్రమశిక్షణ లేనివాడంటే అది న్యాయమా?

సర్కారుకి డబ్బులేదనీ చోటులేదనీ అనకండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగింది. నగరం నడిబొడ్డున రోడ్లు రోజుల తరబడి మూశారు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది, దానికి చెల్లించిన డబ్బు మీద 2024 డిసెంబరులో ఏసీబీ కేసు కూడా పెట్టింది. కేసు సంగతి కోర్టులు చూసుకుంటాయి. నాకు అర్థమైంది ఒకటే. పాలకులు తలుచుకుంటే నగరంలో రోడ్డే ట్రాక్ అవుతుంది. మా పిల్లలు తలుచుకుంటే రోడ్డు కూడా రోడ్డుగా మిగలదు, నేరస్థలం అవుతుంది.

గేటు తెరిస్తే మావాళ్లు రారా? చెన్నైకి చెందిన కె.వై. అహ్మద్ టీవీఎస్ జట్టు తరఫున జాతీయ టైటిళ్లు గెలిచాడు. తన ఊళ్లోనే ట్రాక్ ఉంది, వెన్ను తట్టిన కంపెనీ ఉంది, అతను గెలిచాడు. మన పాతబస్తీలోనో, కర్నూలులోనో, గుంటూరులోనో అట్లాంటివాడు లేడని ఎవరైనా చెప్పగలరా?

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ట్రాక్ ఎక్కడున్నా, నెలకో రోజు పేద పిల్లలకి అందే ధరకి ఇవ్వండి. ముస్లిం పిల్లలకే అనడం లేదు. బోరబండ దళిత కుర్రాడికీ, లంబాడీ తండా పిల్లాడికీ కూడా. సూట్లూ హెల్మెట్లూ అద్దెకి పెట్టండి. షెడ్డులో నేర్చిన ఉస్తాదులకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వండి, రేసు జట్లలో జీతమిచ్చి పనిచేయించుకోండి. దారిలో ఆపితే అందర్నీ ఆపండి, లేకపోతే ఎవర్నీ ఆపకండి. షబే బరాత్‌కి వంతెనలు మూసే అధికారులు ఆ మరుసటి ఆదివారం ఒక ట్రాక్ తెరిపించండి.

హక్కు అనే మాట ఉర్దూలోదీ, తెలుగులోదీ కూడా. ఆ మాటకి లేని సరిహద్దు మనిషికెందుకు పెట్టారు? మా పిల్లలు బళ్లు బాగుచేస్తారు, ఇక మీద కూడా చేస్తారు. నడుపుతారు కూడా.