కనుమ దాటే గాలి

భూమిని కప్పిన పొడి గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. మబ్బూ వానా దాదాపు పూర్తిగా అడుగు పొర ట్రోపోస్ఫియర్‌లోనే. ఉష్ణమండలంలో దాని ఎత్తు సుమారు 16 కిలోమీటర్లు. పైనున్న స్ట్రాటోస్ఫియర్‌లోని ఓజోన్ అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడం వల్లే నేలమీద ప్రాణం నిలిచింది.

నాయకరాజుల కాలం నుంచి మదురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడిన తెలుగు రైతుల బతుకు ఆ అడుగు పొరపైనే ఆధారపడింది. నైరుతి గాలులు పడమటి కనుమలెక్కుతూ చల్లబడి, కేరళ వైపే ఎక్కువగా కురుస్తాయి. ఇవతలికి దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది. కొండల వరుస తెగిన పాలక్కాడు కనుమ మాత్రం తెరిచిన వాకిలిలా కోయంబత్తూరుకు చల్లగాలి పంపుతుంది. ఆ గాలి ఎంత హాయిగా ఉన్నా, అక్కడి నల్లరేగడిని ప్రధానంగా తడిపేది అక్టోబరు, నవంబరుల ఈశాన్య రుతుపవనమే.